ఒక వరుస, రెండు పలుకులు

మన ధర్మపురి తెలుగు ఇండ్లలో ఒక తగవు తరచుగ వినవచ్చుచుండును. 'మాయాబజారు' పాటలు తెలుగున మేలా, తమిళమున మేలా యనునది ఆ తగవు. పెద్దలు తెలుగు పక్షము వహించి, తమిళపు పాటలు మన పాటలకు నకళ్ళని తీసివేయుదురు. పిల్లలలో కొందరు తోడి తమిళ బాలుర నోట ముందుగ విన్నదానినే అసలుగ నెంచి, ఇంట విన్నదానిని దానికి మారురూపముగ తలంతురు. చూచుటకిది భోజనానంతర కాలక్షేపము వంటిదే. కాని రెండు భాషల నడుమ పెరుగు బిడ్డ ఆ రెంటిని ఎట్లు చూడవలెనను ప్రశ్న దీనిలో ఇమిడి యున్నది. కావున ఈ సంచికలో ఆ పాటలనే ముందుంచుకొని మా అభిప్రాయమును తెలుప దలచితిమి.

మొదట ఒక సంగతి స్పష్టపరుపవలెను. తమిళ 'మాయాబజారు' తెలుగు చిత్రమునకు గొంతులు మార్చి అతికించినది కాదు. అట్లు అతికించు పద్ధతి వేరు. 1950లో వచ్చిన 'ఆహుతి' అట్టిది. హిందీ చిత్రమునకు తెలుగు మాటలు కూర్చగా, దాని పాటలు శ్రీశ్రీ రచించెను. ఆ పద్ధతిలో కవికి తెరమీది పెదవులే సంకెళ్ళు. ప, బ, మ అను అక్షరములకు పెదవులు మూతపడును గనుక, నటుని పెదవులు కలిసిన చోట అట్టి అక్షరమే పడవలెను. విజయా సంస్థవారు తమ ద్విభాషా చిత్రములలో ఈ చిక్కు లేకుండ, ఒకే కథను రెండు భాషలకు వేరువేరుగ చిత్రించిరి. కె. వి. రెడ్డి దర్శకత్వమున తెలుగు 'మాయాబజారు' 1957 మార్చి 27వ తేదీన, తమిళ 'మాయాబజారు' అదే సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన విడుదల యైనవి. తెలుగున అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు. తమిళమున జెమినీ గణేశన్. తెలుగు లక్ష్మణకుమారుడు రేలంగి, తమిళమున తంగవేలు. కృష్ణుడుగ రామారావు, ఘటోత్కచుడుగ రంగారావు, నాయికగ సావిత్రి రెంటను కలరు. ఐనను ఆ నాయిక పేరు తెలుగున శశిరేఖ, తమిళమున వత్సల. వ్యాస భారతమున లేని ఈ కథ జనుల నోళ్ళలో పెరిగినది గనుక, ఏ నాటి జనులు పెట్టుకొన్న పేరు ఆ నాట నిలిచినది.

తెలుగు పాటలు పింగళి నాగేంద్రరావు వ్రాసెను. తమిళ పాటలు తంజై రామయ్యదాసు వ్రాసెను. 'లాహిరి' మొదలగు నాలుగు పాటలకు సాలూరి రాజేశ్వరరావు వరుసలు కట్టి తప్పుకొనగా, తక్కిన సంగీతమును ఘంటసాల పూర్తి చేసెను. అనగా ఒకే వరుస యను పాత్రలో ఇద్దరు కవులు తమ తమ భాషలను పోసిరి. ఏ భాష ఎట్లు ఒదిగెనో చూచుటకు ఇంతకంటె మంచి అవకాశము దొరకదు.

ముందుగ వెన్నెలలో పడవ సాగు పాటను తీసికొందము. రెండు భాషలలోను పాడినవారు ఘంటసాల, లీలలే. వరుస మోహన రాగచ్ఛాయలో నడచును. పింగళి కవి 'లాహిరి' యను మాటతో ఎత్తుకొనెను. లాహిరి యనగా మత్తు, తూగు. ఆ మాటను వెంటవెంటనే మరల మరల పలికించుటచేత పడవ ఊగు ఊపు చెవికి తగులును. ఏమి చూచుచున్నామో చెప్పక మునుపే ఎట్లున్నదో కవి చెప్పినాడు. రామయ్యదాసు అట్లు చేయలేదు. ఆయన 'ఆహా' యను ఆశ్చర్యముతో మొదలుపెట్టి, వెంటనే ఇంపైన వెన్నెలను పేరు పెట్టి పిలిచెను. ఒకరు తూగును ముందుంచిరి, ఒకరు వెన్నెలను ముందుంచిరి.

ఇక ఆ మొదటి చరణము ముగియు చోటును చూడుడు. తెలుగు పదము సాధారణముగ అచ్చుతో ముగియును. పాటకు అది వరము, కొసస్వరమును ఎంతసేపైన సాగదీయవచ్చును. తమిళమున న్, మ్, ల్, ర్ వంటి హల్లులతో ముగియు పదములు పెక్కు. సాగవలసిన స్వరము క్రింద హల్లు పడినచో గొంతు ఆగిపోవును. దానికి తమిళకవి కనుగొన్న ఉపాయము ముచ్చటైనది. తెలుగున ఆ చోట 'లో' యను విభక్తి యున్నది. తమిళకవి అదే అర్థమిచ్చు తమ విభక్తిని 'లే' యని సాగునట్లు నిలిపెను. అర్థమును చెడలేదు, రాగమును తెగలేదు. మన వ్యాకరణ పాఠములో సప్తమీ విభక్తి యని వల్లించునది పాటలో ఎంత పని చేయునో ఇచట తెలియును.

ఈ పాట వరకు మా మొగ్గు తెలుగువైపే. తూగును మాటతోనే తెప్పించుట గొప్ప. కాని ఇట్లు తీర్పు చెప్పుటకు తమిళపు పాట అర్థమైనవాడే అర్హుడు. దానిని వినకయే నకలన్నవాని తీర్పు చెల్లదు.

రెండవది పెండ్లి విందు పాట. తెరమీద రంగారావు ఒక్కడే. తెలుగున ఆయనకు గొంతు మాధవపెద్ది సత్యము, తమిళమున తిరుచ్చి లోకనాథన్. తెలుగు పాట మొదటనే 'భోజనంబు' అని పలికించినది. పెండ్లి కూడును చూచి నోరూరుచున్న రాక్షసుడు కావ్యభాషలో మాటాడుటయే ఇందలి హాస్యము. పద్యములు చదివి 'ంబు' అను తుదను ఎరిగిన పిల్లవానికి ఆ మాట చెవిని పడగానే నవ్వు వచ్చును. ఎరుగనివాడు రంగారావు పొట్టను చూచి మాత్రమే నవ్వును. అదియు నవ్వే గాని సగము నవ్వు.

రామయ్యదాసు వేరు దారి త్రొక్కెను. ఆయన ఘటోత్కచుడు కావ్యభాష మాని, ఇంటి భాషలో కల్యాణపు వంటను మెచ్చుకొనును. వంటకముల పట్టికయు మారినది. తెలుగు విస్తరిలో గారెలు, బూరెలు, అప్పడములు, దప్పళము, పాయసము కనబడును. తమిళ విస్తరిలో సాంబారు, పూరీ కిళంగు వచ్చినవి. ద్వాపరయుగమున ఉర్లగడ్డ యెక్కడిదని మన విద్యార్థులు అడుగవచ్చును. దక్షిణ అమెరికానుండి ఐరోపావారి ద్వారా అది మన దేశమునకు వచ్చి కొన్ని శతాబ్దములే యైనది. కవికి అది తెలియక కాదు. వినువాని ఊరి పెండ్లిపంక్తిని చూపనిదే వాని నోట నీరూరదని ఆయనకు తెలియును. రెండు పట్టికలలోను తప్పిపోని వంటకము ఒకటి కలదు. తెలుగున పులిహోర, తమిళమున పుళియోదరై. పేరు రెండు, పులుపు ఒకటే. మన ధర్మపురి పెండ్లిండ్లలో ఒకే పంక్తిలో ఈ రెండు పేర్లతోను దానిని అడిగి వడ్డించుకొనువారలము మనము. ఈ పాటలో ఏది మేలని అడిగినచో మేము ఏ పక్షమును చేరము. ఒకటి భాషతో నవ్వించును, ఒకటి విస్తరితో నవ్వించును.

మూడవది, ప్రియదర్శిని పేటికలో నాయికానాయకులు ఒకరినొకరు చూచుకొని పాడుకొను పాట. తెలుగున 'నీవేనా' అని ఎత్తుగడ, తమిళమున 'నీదానా'. మూడేసి యక్షరములు, మూడును గురువులు. ఛందస్సు చదివిన విద్యార్థి గణము కట్టి చూచినచో రెండును మగణములే. అర్థము ఒకటి, మాత్రలు ఒకటి, మొదటి యక్షరము సైతము ఒకటి. ఇట్టి కలయిక కవుల నేర్పువలననే గాక, రెండు భాషల పుట్టువువలనను కలిగినది. 'చూపులు కలసిన' అను పాటకు సరియైన తమిళ గీతములో చూపులకు బదులు కన్నులు వచ్చినవి గాని, మన 'కలయు' ధాతువే అచట తమిళ వేషమున నిలిచినది. తెలుగు, తమిళములు ఒకే ద్రావిడ కుటుంబమునకు చెందినవని పుస్తకములో చదివి మరచిపోవువానికి, ఈ పాటలు వినిపించినచో ఆ బంధుత్వము మనసున నాటును. మన పద్యములలో రెండవ అక్షరము కలియుట ప్రాస. తమిళులు దానినే ఎదుగై యందురు. మనకు యతి యున్నట్లు వారికి మోనై కలదు. ఒక ఇంటివారు రెండు వీధులలో కాపురముండి, పాత్రలకు వేరు పేర్లు పెట్టుకొన్నట్లున్నది ఈ వ్యవహారము.

ఇక గొంతుల సంగతి. 'మన పాట', 'వారి పాట' యని గీత గీయువారు గాయకుల పుట్టినిండ్లను ఒకసారి విచారింపవలెను. తెలుగువారు తమదిగ భావించు లీల కేరళమందలి చిత్తూరున పుట్టినది. తమిళులు తమదిగ భావించు సుశీల విజయనగరపు ఆడపడుచు. ఉత్తమ నేపథ్య గాయనిగ తొలి జాతీయ బహుమానము ఆమెకు 'ఉయర్న్ద మనిదన్' అను తమిళ చిత్రపు పాటకే లభించినది. 1955లో విజయావారే తీసిన 'మిస్సమ్మ' తెలుగున రామారావుకును, తమిళ 'మిస్సియమ్మ'లో జెమినీ గణేశన్‌కును గొంతు నిచ్చినవాడు ఏ. ఎం. రాజా. ఆయన మన ఆంధ్రదేశపు చిత్తూరు సీమవాడు. ఆ చిత్రములోని బృందావన గీతపు వరుస రాజేశ్వరరావుది. తెలుగు, తమిళములు రెంటను ఆ గీతము బృందావనమను మాటతోనే ఎత్తుకొని, అది అందరి సొత్తను ఒకే భావమును చెప్పుచున్నది. 1957లో ఆ కథ 'మిస్ మేరీ'గ హిందీకి పోయినప్పుడు సంగీతకర్త హేమంతకుమారుడైనను, ఈ ఒక్క వరుస మాత్రము దక్షిణమునుండి అట్లే వెంట వెళ్ళినది. లతా మంగేష్కరు, రఫీ దానిని పాడిరి. వరుసకు ఎల్లలు లేవు. పలుకునకు మాత్రము నేల కావలెను.

ఆ నేలను గూర్చి మన పెద్దలకు ఒక మాట జ్ఞాపకము చేయుదుము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము వేరుపడినది. 1956 నవంబరు 1వ తేదీన భాషను బట్టి రాష్ట్రముల ఎల్లలు సవరింపబడినవి. 'మాయాబజారు' వచ్చునాటికి మన ధర్మపురి సేలము జిల్లాలోని పట్టణము. 1965 అక్టోబరు 2న గాని వేరు జిల్లా కాలేదు. నేలపై గీతలు గీయబడుచున్న ఆ సంవత్సరములలోనే మద్రాసులో ఒకే సంస్థవారు రెండు భాషల పాటలను ప్రక్కప్రక్కనే పాడించిరి. ఆ సంస్థాధిపతులైన నాగిరెడ్డి, చక్రపాణులే 1947 జూలైలో పిల్లలకొరకు 'చందమామ'ను తెలుగునను, 'అంబులిమామ'ను తమిళమునను ఒక్కసారిగ ప్రారంభించిరి. అందులో ఒకదానిని అసలనియు, రెండవదానిని నకలనియు ఏ పిల్లవాడును అనలేదు. తన భాషలో వచ్చినది తనదిగ చదువుకొనెను.

పాటల రూపములు కాలముతోడను మారినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు నాటి గ్రామఫోను రికార్డులో ఒక వైపున సుమారు మూడున్నర నిమిషములే పట్టును. దానికి ఒదుగునట్లే పాట సాగవలెను. పిదప పెద్ద రికార్డులు, టేపులు, పళ్ళెములు వచ్చినవి. 2010 జనవరి 30వ తేదీన తెలుగు 'మాయాబజారు' రంగులు దిద్దుకొని, ధ్వనిని నూతన యంత్రములకు అనువుగ మార్చుకొని, నిడివి కొంత తగ్గించుకొని మరల వచ్చినది. నేడు సెల్‌ఫోనులో ఏ రూపము కావలసిన ఆ రూపము క్షణములో వినవచ్చును. వినుటకు ఇంత సౌకర్యము మన తాతలకు లేదు. కాని వారు పాటల పుస్తకము కొని, చేత పట్టుకొని, అక్షరమక్షరము చదువుచు పాడుకొనిరి. మన పిల్లలకు పాట వచ్చును, పాటలోని మాటలను వ్రాయుమన్నచో కలము కదలదు. ఏ రూపము పాడైనను మరల బాగుచేసికొనవచ్చును గాని, చదువరి లేకపోయినచో ఏ యంత్రమును చేయగలది లేదు.

మా భయమంతయు ఇక్కడనే యున్నది. చెవిలో నిలిచి కంటికి అందని భాష ఒక తరము మాత్రమే బ్రతుకును. తిరువయ్యారులో కూర్చుండి త్యాగరాజస్వామి తెలుగున కీర్తనలు రచించెను. తమిళదేశము వాటిని నేటికిని భక్తితో పాడుచున్నది. అందు పెక్కుమంది గాయకులు ఆ సాహిత్యమును తమిళ లిపిలో వ్రాసికొని అభ్యసింతురు. అర్థమును అడిగి తెలిసికొందురు. తెలుగు తమ భాష కాకపోయినను అంత శ్రమపడువారిని చూచి మనము సంతసింపవలెను. కాని తెలుగు ఇంట పుట్టిన బిడ్డయు త్యాగరాజును, పింగళిని అట్లే పరాయి లిపిలో వ్రాసికొనవలసి వచ్చినచో ఆ లోపము ఎవరిది? 'అస్మదీయులు' తెలియనివానికి 'తసమదీయులు' అను పింగళివారి చమత్కారము ఎట్లు తెలియును? హాస్యము కూడ చదువుకొన్నవానికే దక్కు ఆస్తి.

తలిదండ్రులు కొందరు మాతో అనుచుందురు: "తెలుగు మాధ్యమమున చదివినచో ఈ రాష్ట్రమున బిడ్డకు బ్రతుకు తెరువేది?" ఈ ప్రశ్నను మేము తేలికగ త్రోసివేయము. 2006 సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట ఒక తరగతి చొప్పున తమిళము నిర్బంధ పాఠ్యమై, 2015–16 నాటికి పదవ తరగతికి చేరినది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు మినహాయింపు కోరి పలువురు న్యాయస్థానములను ఆశ్రయించిరి. రాజ్యాంగమున 29, 30 అధికరణములు మన లిపిని, భాషను కాపాడుకొనుటకు, విద్యాలయములు నెలకొల్పుకొనుటకు హక్కు నిచ్చినవి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు జరుగవలెనని 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఈ హక్కులు అమూల్యములు. ఐనను హక్కు కాగితముపై నుండును. దానిని బ్రతికించునది తరగతిలో కూర్చుండు పిల్లలే. బల్లలు ఖాళీయైన తరగతికి ఏ న్యాయస్థానమును పిల్లలను తెచ్చి యీయజాలదు.

అట్లని తమిళము వలదనుట మా మతము కాదు. అదియమాన్ ఏలిన తగడూరు నేల ఇది. అవ్వైయారు నడచిన నేల. ఇచటి నీరు త్రాగి ఇచటి భాషను చక్కగ నేర్వకుండుట మర్యాదయు కాదు, లాభమును కాదు. బజారునందు, కచేరియందు, స్నేహమునందు తమిళము మనకు కావలెను. మేము చెప్పునది ఒక్కటే. తమిళము వచ్చుటకు తెలుగు పోవలసిన పనిలేదు. రెండు భాషలును చదువవచ్చిన మన బిడ్డకు, పైన మేము చూపిన 'లో'కును 'లే'కును గల బంధుత్వము అరచేతి యుసిరికవలె కనబడును. ఒక్క తెలుగే వచ్చినవానికి కాని, ఒక్క తమిళమే వచ్చినవానికి కాని అది దొరకదు. విజయవాడ బాలునకును, తంజావూరు బాలునకును లేని ఈ భాగ్యము సరిహద్దున పుట్టిన మన బిడ్డలకు కలదు. దానిని బరువుగ భావించి దింపుకొన జూచుట చేతికందిన రెండు పండ్లలో ఒకదానిని మట్టిపాలు చేయుటయే.

కావున విద్యార్థులకు మా సూచన యిది. ఈ సెలవులలో మాయాబజారు పాటలు మూడింటిని ఎంచుకొనుడు. ముందు తెలుగు పాట విని తెలుగు లిపిలో వ్రాయుడు. పిదప తమిళ పాట విని తమిళ లిపిలో వ్రాయుడు. రెంటిని ఎదురెదురుగ నుంచి ఏ మాట నిలిచినదో, ఏ మాట మారినదో, ఎందుకు మారినదో గుర్తింపుడు. అర్థము కానిచోట తెలుగునకు ఇంటిలోని అవ్వను, తమిళమునకు ప్రక్కయింటి పాట్టిని అడుగుడు. వారికి తెలిసిన మాటలు నిఘంటువులందు సైతము దొరకకపోవచ్చును. బడి తెరచిన పిదప ఆ వ్రాతలను తెలుగు ఉపాధ్యాయునకును, తమిళ ఉపాధ్యాయునకును చూపుడు. మంచివానిని ఈ పత్రికలోనే ప్రకటింతుము.

తలిదండ్రులకును ఒక మనవి. పిల్లవాడు తమిళపు పాట పాడినచో కసరుకొనకుడు. ముగిసిన పిదప తెలుగు పాటను మీరు పాడుడు. మాటలు మరచినచో పుస్తకము తీసి చదివి పాడుమని వానినే అడుగుడు. చదువగలిగెనా, మన తెలుగు తరగతి నిలిచినట్లే. చదువలేకపోయెనా, ఏది మేలను తగవును కట్టిపెట్టి, వానిని మరుసటి దినముననే పలకయు బలపముతో కూర్చుండబెట్టుడు.